ఉప్పు లేని ముడి

మొన్న మళ్ళీ వచ్చిందట.

నల్లా కింద బిందె పెట్టి నిలబడి ఉంటే వెనక ఇంటి కోడలు నవ్వుకుంటూ వచ్చి చెప్పింది.

"అత్తా, రాత్రి నా కలలకొచ్చింది ఆమె. కల్లంల నడుముకు చేతులు వెట్టుకొని నిలబడ్డది. 'మిర్చి మీద పట్టాలు కప్పకుంట ఎట్ల పండుకున్నరే' అని ఒర్రింది. దిగ్గున లేచి కూసున్న."

"వాన పడ్డదా?"

"పడలే. గని మబ్బు పట్టింది గదా అత్తా!"

మబ్బు పట్టిందట! బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీదికి పొర్లుతున్నా చూసుకోలేదు. అంత కోపం వచ్చింది నాకు. కోడలి మీద కాదు, ఆ పోయినామె మీద.

ఆమె పోయింది నిరుడు మిరప ఏరే కాలంలో. అప్పటినుంచి మా వాడలో అందరి కలల్లోకీ వస్తోంది. ఒకరికి దూడను అమ్మొద్దని చెప్పింది. ఇంకొకరి ఇంటికి వచ్చి, ఏమీ చెప్పకుండా గడప మీద కూర్చుని వక్క కొరికి వెళ్ళిపోయిందట. మమ్మల్ని తోటలకు తీసుకెళ్ళే ఆటో డ్రైవర్‌కు కూడా కనిపించి "బ్రేకులు జూపిచ్చుకో" అన్నదట. అతను తొర్రూరు పోయి చూపించుకున్నాడు కూడా. "అరిగినయే ఉన్నయ్ అక్కా" అని నాతో గొప్పగా చెప్పాడు. ఆ ఆటోకు ఏది అరగలేదని?

నాకు మాత్రం రాదు. ఏళ్ళ తరబడి ఆమె పక్కన ఒకే ఆటోలో ఇరుక్కుని పోయింది నేను. పక్క పక్క సాళ్ళలో మిరప ఏరింది నేను. ఆమె సద్దిలో చేయి పెట్టి తిన్నది నేను. పైగా ఆమె నాకు చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. అది చెప్పడానికైనా రావాలి కదా. రాదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. "కలల సచ్చినోళ్ళు పేరు వెట్టి పిలిస్తే పలుకొద్దు" అని మాకందరికీ చెప్పేది. చచ్చినవాళ్ళను మనం పేరు పెట్టి పిలిస్తే ఏమవుతుందో చెప్పలేదు. అడగాలని నాకూ తోచలేదు. ఎందుకొచ్చిన గొడవ, రాయను.

పొట్టి మనిషి. చీర మీద చనిపోయిన భర్త చొక్కా వేసుకునేది. మిరప ఏరే ఆడవాళ్ళం అందరం చేతులు మండకుండా మగవాళ్ళ పాత చొక్కాలు వేసుకుంటాం కానీ, ఆమె ఆ చొక్కాను పనిలేని రోజుల్లో కూడా విప్పేది కాదు. జేబులో వక్కలు ఉండేవి. ఆ భర్త సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వేది. "సచ్చినంక కలలకు రోజొస్తడే. బతికున్నప్పటి కంటె మంచిగ మాట్లాడుతుండు. గిప్పుడు ఎటు పోవాలన్న నన్నడిగే పోతడు."

ఆమె సంగతి చెప్పాలంటే ముందు ముడి సంగతి చెప్పాలి. పొద్దున్నే మెలకువ రాగానే, కాలు కింద పెట్టకముందే, కొంగు చివర ఒక ముడి వేసేది. అది రాత్రి వచ్చిన కలకు. ముడి వేయకుండా కాలు మోపితే కల నేలలోకి దిగిపోతుందని ఆమె లెక్క. మంచి కలైతే వట్టి ముడి. చెడ్డ కలైతే అందులో కాస్త దొడ్డుప్పు పెట్టి ముడి వేసేది. అందుకని తలగడ కింద ఉప్పు మూట ఒకటి ఎప్పుడూ ఉండేది. వట్టి ముడి అయితే ఆటోలో మా ముందు విప్పి కల చెప్పేది. ఉప్పు ముడి అయితే ఎవరికీ చెప్పేది కాదు. తోట దగ్గర బోరు పైపు కింద కొంగు పట్టి, విప్పి, ఉప్పు కరిగిపోయేదాకా చూసి, అప్పుడు పనిలోకి దిగేది. ఆ రోజుల్లో ఆమె కొంగు పొద్దంతా తడిగా ఉండేది. కొంగు తడిగా ఉంటే ఆ రోజు ఆమెతో ఎవరూ పరాచికాలాడేవాళ్ళు కాదు.

"మా గంగారం దిక్కు మా అవ్వ గిట్లనే జేసేది" అనేది. గంగారం అడవి వైపు ఆమె పుట్టిల్లు. ఆ వైపు నుంచి పనికి వచ్చిన ఆడవాళ్ళను నేను తర్వాత అడిగాను. ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. వాళ్ళమ్మ ఒక్కతే చేసేదేమో. ఒక్కతే చేసిన పనిని ఈమె ఊరి ఆచారంలా చెప్పుకునేది.

ఆటో ఎక్కగానే డ్రైవర్ మొదలుపెట్టేవాడు. "అవ్వా, ఇయ్యాల ఎన్ని ముళ్ళు?"

"రెండు. అండ్ల ఒకటి నీదే. గుంతల ఎత్తేసినవ్ నన్ను. లేచి జూస్తే నడుము నిజంగనే నొస్తాంది."

"గది కల గాదవ్వా, నిన్న నిజంగనే ఎత్తేసిన."

అందరం నవ్వేవాళ్ళం. ఆమె అందరికంటే గట్టిగా నవ్వేది. ముడి లేని పొద్దు మాత్రం ముఖం ముడుచుకుని కూర్చునేది. "ఇయ్యాల నన్నెవలూ యాది చెయ్యలే" అనేది, ఇంటికి చుట్టాలు వస్తారని వండిపెట్టుకుంటే ఎవరూ రానట్టు.

ఆ కలలను నమ్మి ఆమె చేసిన పనులు ఇన్నీ అన్నీ కావు. కలలో పొయ్యి పడమటి మూలన కనిపించిందని ఉన్న పొయ్యిని పగలగొట్టి అక్కడ కట్టుకుంది. ఆ మూలన కిటికీ లేదు. ఇల్లంతా పొగ. కళ్ళు తుడుచుకుంటూ వండింది కానీ పొయ్యిని మళ్ళీ పాత చోటికి మార్చలేదు. "మరి పొగ సంగతి కలల చెప్పలేదా?" అని నేను ఎత్తిపొడిస్తే, "కలల పొగ రాదు చెల్లె" అంది. ఇలాంటి మనిషితో ఏం వాదిస్తాం?

అందరూ ఆమెను తమ కలలకు అర్థం చెప్పమని అడిగేవాళ్ళు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఇది ఎవరికీ అర్థం కాని సంగతి. ఊళ్ళో మాత్రం కలల అర్థాలు చెప్పే మనిషి అనే పేరు.

మాతో ఒక తండా పిల్ల పనికి వచ్చేది. భర్త పట్నంలో కట్టడం పనికి పోయి, రమ్మని కబురు పెడుతున్నాడు. వెళ్ళాలా వద్దా అని ఆ పిల్లకు దిగులు. ఒక పొద్దున ఆటోలో మెల్లగా, తనకు ఆవు కల వచ్చిందని అంది.

"ముందుగాల నీ మాటల్నే చెప్పు" అంది ఈమె. "కల ఏ మాటల పడ్డదో ఆ మాటల్నే చెప్పాలె."

ఆ పిల్ల లంబాడీలో చెప్పింది. ఈమెకు ఆ భాష ఒక్క ముక్క రాదు. కళ్ళు మూసుకుని, పాట విన్నట్టు విన్నది. అయిపోయాక, "ఇగ తెలుగుల చెప్పు" అంది.

"మా ఆవు పట్నంల మా ఆయన గుడిసె కాడికి ఒచ్చింది అక్కా. తలుపుల నుంచి లోపటికి ఒచ్చి పండుకున్నది."

"లేచినంక నీ కడుపుల ఎట్లుండె? బుగులైందా, సంబురమైందా?"

"సంబురమైంది."

"మరి నన్నెందుకు అడుగుతున్నవే?"

అంతే. జేబులోంచి వక్క తీసి నోట్లో వేసుకుంది. ఆ పిల్ల ఆ వారంలోనే పట్నం వెళ్ళింది, అక్కడ బాగానే ఉంది. ఇప్పటికీ ఎవరికో ఒకరికి ఫోన్ చేసి, పెద్దక్క చెప్పబట్టే వచ్చానని అంటుందట. పెద్దక్క ఏం చెప్పింది? ఏమీ చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను కదా.

నాకు ఒళ్ళు మండేది అక్కడే. లోకంలో ఎవరిని అడిగినా తప్పో ఒప్పో ఒక జవాబు చెప్తారు. ఈమె మన ప్రశ్నను మళ్ళీ మన ఒళ్ళోనే పడేసి వక్క నమిలేది.

నాకూ ఒక కల ఉంది. నాకు అక్షరాలు వచ్చింది నడివయసు దాటాక. సంఘం మీటింగుల్లో వేలిముద్ర వేయడం నామోషీ అనిపించి, అంగన్‌వాడీలో చిన్నపిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఇప్పుడు కూడబలుక్కుని బస్సు బోర్డూ చదువుతాను, మందు గోలీల అట్టా చదువుతాను. కానీ కలలో చదవలేను. కలలో తొర్రూరు బస్టాండులో నిలబడి ఉంటాను. బస్సులు వస్తుంటాయి. బోర్డు మీద అక్షరాలు చీమల్లా కదులుతుంటాయి, ఒక్కటి నిలవదు. బస్సులన్నీ వెళ్ళిపోతాయి. ఏడుస్తూ లేస్తాను. అక్షరాలు రాని రోజుల్లో ఎప్పుడూ రాని కల ఇది. వచ్చాకే మొదలైంది.

ఆమెకు ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ అదే మాట.

"బస్సెక్కినవా?"

"ఎట్ల ఎక్కుత అక్కా? ఏడికి పోతదో తెల్వొద్దా?"

"ఇన్నేండ్లు సదువు రాకుంటనే ఎక్కి పోలేదా? ఎవలనో ఒకల్ని అడిగి ఎక్కినవ్. గిప్పుడు అడుగుటానికి సిగ్గయితాందా?"

"గిదేనా అర్థం?"

"నాకేం తెలుసే, కల నీది." మళ్ళీ వక్క.

ఇదంతా నవ్వులాటగా ఉన్నన్ని రోజులు ఫరవాలేదు. ఆమె కాలికి దెబ్బ తగిలాక నవ్వులాట పోయింది.

పత్తి చేనులో కోసేసిన కట్టె మోడు అరికాలికి దిగింది. ఆమెకు షుగర్ ఉంది. గోలీలు యాదికొస్తే వేసుకునేది, లేకపోతే లేదు. పుండు మానలేదు. ఏవో ఆకులు నూరి కట్టింది. ఆశా కార్యకర్త వచ్చి చూసి, పెద్ద దవాఖానకు పోవాలి, ఆలస్యం చేయొద్దు అని చెప్పింది. నేనూ చెప్పాను. ఘనపూర్‌లో ఉన్న ఆమె బిడ్డ ఫోన్‌లో ఏడ్చింది. అందరికీ ఆమె ఒకటే జవాబు.

"చెప్తరు. చెప్పినంక పోత."

ఎవరు చెప్తారు? కలలో వాళ్ళమ్మ వచ్చి చెప్పాలి. ఆమె చెప్పేదాకా ఈమె కదలదు.

ఒక పొద్దున నేను వెళ్ళేసరికి కాలు పీట మీద పెట్టుకుని, కొంగు ముడి చేత్తో పట్టుకుని, ముఖం వెలిగిపోతూ కూర్చుంది.

"వచ్చింది చెల్లె మా అవ్వ. గంగారం వాగుల నన్ను కూసోవెట్టి, నా రెండు కాళ్ళు రుద్ది రుద్ది కడిగింది. చిన్నప్పుడు కడిగినట్టే. నీళ్ళు ఎంత సల్లగున్నయో!"

"అయితే పోదాం పా. ఆటో పిలుస్త" అన్నాను.

"ఏడికి?"

"దవాఖానకు. పుండు కడిగిచ్చుకో అనే గదా చెప్పింది!"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "రెండు కాళ్ళు కడిగిందే. రెండు. ఒక కాలికి ఆపతున్నట్టయితె ఒకటే కడుగుతది. నా కాళ్ళు రెండు నాకున్నయ్ అని చెప్పింది."

"దవాఖానకు పోతెనే ఉంటయ్ అక్కా! అందుకే కడిగింది!"

"కల నాది."

"కాలు సుత నీదే! నొప్పి సుత నీదే! గట్లని కుళ్ళవెట్టుకుంటవా?"

"లేచినంక నా కడుపుల సల్లగుండె" అంది. "బుగులు లేదు. నువ్వు కల జూడలే, నేను జూసిన. మా అవ్వ చెయ్యి ఎట్లున్నదో నీకేమెరుక?"

ఒక్క కలకు రెండు అర్థాలు. నాది సరైందని నాకు తెలుసు, ఆమెది సరైందని ఆమెకు తెలుసు. అర్థం చెప్పడం తన వల్ల కాదని ఇన్నేళ్ళూ అందరితో అన్న మనిషి, తన కలకొచ్చేసరికి మాత్రం ఒక్క గింజ అనుమానం లేకుండా చెప్పేసింది. ఆ రోజు నేను ఆమె ఇంట్లో చాయ్ తాగకుండా వచ్చేశాను.

బొటనవేలు నల్లబడింది. వాసన రావడం మొదలైంది. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. ఆమె కల మాటే వింటుంది కదా, కలే చెప్దాం. మిరప ఏరుతూ ఏరుతూ కల్పించుకున్నాను. సాలు చివరికి వచ్చేసరికి కల తయారైంది. మర్నాడు పొద్దున కొంగుకు ఒక ముడి కూడా వేసుకుని వెళ్ళాను.

గడపలో కూర్చుని ముడి విప్పాను. ఆమె విప్పినట్టే, నెమ్మదిగా.

"తెల్లారంగ పడ్డది అక్కా. మీ అవ్వ నా కాడికొచ్చింది. నా చెయ్యి వట్టుకొని తీస్కపోయింది. ఒక పెద్ద తెల్ల బిల్డింగు. మీద బోర్డున్నది. 'దవాఖాన' అని రాసున్నది. 'నా బిడ్డను ఈడికి తీస్కరా' అని చెప్పి మాయమైంది."

ఆమె కళ్ళు మూసుకుని విన్నది. తండా పిల్ల కల విన్నట్టే విన్నది. పని జరిగిందనుకున్నాను.

"బోర్డు ఎవలు సదివిన్రు?" అంది కళ్ళు తెరవకుండానే.

"నేనే సదివిన."

"అక్షరాలు కదులుతలేవా?"

"లేవు. మంచిగ పెద్దగ ఉన్నయ్."

ఆమె కళ్ళు తెరిచి నవ్వడం మొదలుపెట్టింది. కాలు నొప్పికి మధ్యలో అబ్బా అనుకుంటూ, మళ్ళీ నవ్వింది. "ఓ చెల్లే! ఇన్నేండ్ల సంది తొర్రూరు బస్టాండుల నిలబడి ఒక్క అక్షరం సదువకపోతివి. మా అవ్వ రాంగనే గడగడ సదివినవా? గిది పండుకొని జూసిన కల గాదు. మిర్చి ఏరుకుంట జూసిన కల."

నాకు ఏడుపొచ్చింది. "అవును, అబద్ధమే! అబద్ధమైతేంది? కాలు కుళ్ళుడు అబద్ధమా?"

ఆమె నవ్వు ఆపి నా గడ్డం పట్టుకుంది. "నీకు నా మీద పాయిరం ఉన్నది. అది సమజయింది. గని పాయిరంతోని కల రాదే. వస్తె మా అవ్వ నన్ను ఎప్పుడో తీస్కపోతుండె దవాఖానకు."

అబద్ధం చెప్పడం కూడా సరిగా చేతకాలేదు నాకు. అక్షరాలు నేర్చుకున్నానన్న మురిపెంలో, కలలో కూడా బోర్డు చదివేశాను. చదువు రాని రోజుల్లో కల్పించి ఉంటే వాళ్ళమ్మ నోటితోనే అంతా చెప్పించేదాన్ని, ఈమె నమ్మేదేమో.

చివరికి జ్వరం వచ్చి, మాట తడబడుతుంటే ఘనపూర్ నుంచి బిడ్డ వచ్చింది. "అవ్వా, ఇగ నిన్ను అడుగుడు లేదు" అంది. ఇద్దరం చెరో వైపు పట్టి ఆటోలో పడుకోబెట్టాం. ఆమె పెనుగులాడలేదు. కొంగు చివర వెతుక్కుంది. ముడి లేదు. "రాత్రి ఏం పడలే" అని గొణిగింది. "ఏం చెప్పకముందే తీస్కపోతున్నరు." డ్రైవర్ ఆ రోజు గుంతలన్నీ చూసుకుని నడిపాడు. ఎన్ని ముళ్ళవ్వా అని అడగలేదు.

దవాఖానలో జ్వరం కాస్త తగ్గాక మళ్ళీ ఆమె ఆమే అయింది. పక్క మంచాల వాళ్ళ కలలన్నీ తెలుసుకుంది. కాలు పాదం దాకా తీసేయాలని డాక్టర్ చెబితే, "మా అవ్వ రెండు కడిగింది" అని ఒక్క మాట అని ఊరుకుంది. ఒళ్ళు వాచిందని ఉప్పు మానిపించారు. ఆ చప్పిడి కూడు తినలేక ముఖం చిట్లించేది. ఒకనాడు పక్క దులపడానికి వచ్చిన నర్సుకు తలగడ కింద ఉప్పు మూట దొరికింది.

"ఏందమ్మా గిది? ఉప్పు తినొద్దంటే దాసుకుంటున్నవా?"

"తినుటానికి గాదు బిడ్డా."

"మరెందుకు?"

"కలకు."

నర్సు మా ఇద్దరి వైపూ చూసింది. ఆ అమ్మాయి తప్పేం లేదు. అంతకుముందు రోజే ఎవరి దగ్గరో తొక్కు పచ్చడి డబ్బా పట్టుకుందట. "అందరు గిట్లనే ఏదో ఒకటి చెప్తరు" అని నవ్వి మూట తీసుకుపోయింది.

ఆమె చాలాసేపు ఖాళీ తలగడ కింద చేయి పెట్టుకుని పడుకుంది. "ఇగ చెడ్డది పడొద్దు చెల్లె. పడితే ఏడ వెట్టాలె?" అంది.

"పడదు తియ్" అన్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున నేను వార్డులోకి వెళ్ళేసరికి ఆమె మేలుకునే ఉంది. కొంగు చివర ముడి ఉంది.

"అక్కా, ఏం పడ్డది?"

ఆమె నోరు తెరిచింది. అంతలో వెనక నుంచి కేక. కింద రక్తం రిపోర్టు తయారైంది, సదువొచ్చినోళ్ళు ఎవరన్నా పోయి తేవాలి. బిడ్డకు చదువు రాదు. నేను ఆమె వైపు చూశాను.

"పోయి రా. వచ్చినంక చెప్త. ఉరుకకు, జారుతవ్."

వెళ్ళాను. అన్ని గోడల మీదా బోర్డులే, బాణం గుర్తులే. ఒక్కో బోర్డు ముందు ఆగి, అక్షరం అక్షరం కలుపుకుని చదువుకుంటూ వెళ్ళాను. అక్షరాలేవీ కదలలేదు. అన్నీ నిలబడే ఉన్నాయి. చదవడానికి నాకే అంత సమయం పట్టింది. కాగితం పట్టుకుని పైకి వచ్చేసరికి మంచం ఖాళీ. బిడ్డ ఒళ్ళో మడత పెట్టిన చీర.

"తీస్కపోయిన్రు చిన్నమ్మా. దవాఖాన బట్టలేసిన్రు. కొంగు నా చేతుల వెట్టి, 'ముడి ఇప్పకు, చిన్నమ్మ వస్తది' అన్నది."

పాదం తీసేశారు. మనిషి మళ్ళీ కళ్ళు తెరవలేదు. విషం అప్పటికే ఒంట్లోకి పాకిందనీ, ఇంకా ముందే తెచ్చి ఉండాల్సిందనీ డాక్టర్ అన్నాడు. నేను తల ఊపాను. ఆ మాట వినాల్సిన మనిషి లోపల పడుకుని ఉంది.

కర్మలన్నీ అయ్యాక బిడ్డ ఆ చీరను నాకు తెచ్చి ఇచ్చింది. "నాకు ఇప్పబుద్ధి కాలే చిన్నమ్మా. అడగకుంట తీస్కచ్చినమని అలిగి పోయిందేమో. పొమ్మనే కల పడ్డదో, వద్దనే కల పడ్డదో. నువ్వే జూడు."

నేనూ చూడలేదు. పెట్టెలో అడుగున పెట్టాను. ఆమే కలలోకి వచ్చి చెప్తుందని ఎదురుచూశాను. పొమ్మని కల వచ్చి ఉంటే, మేం చేసింది సరైన పని, ఆమె ఇష్టపడే లోపలికి వెళ్ళింది. వద్దని వచ్చి ఉంటే, అంతా తెలిసి, మా మాట కాదనలేక వెళ్ళింది. ఈ రెంటిలో ఏదో నాకు తెలియాలి. వెనక ఇంటి కోడలికి పట్టాల సంగతీ, డ్రైవర్‌కు బ్రేకుల సంగతీ చెప్పడానికి తీరిక దొరికిన మనిషికి, నాకు ఈ ఒక్క మాట చెప్పడానికి దొరకలేదు.

మొన్న నల్లా దగ్గర నుంచి ఇంటికి వచ్చి బిందె దించి, తడి కాళ్ళతోనే పెట్టె తీశాను. ఇక రాకపోతే రాకు, నేనే చూసుకుంటా అనుకున్నాను. ముడి బిగుసుకుపోయి ఉంది. వేళ్ళకు రాలేదు. పళ్ళతో పట్టి లాగాను. వచ్చింది.

లోపల ఏమీ లేదు. ఒక్క ఉప్పు రాయి లేదు.

వట్టి ముడి. అంటే మంచి కలే అని ఒక క్షణం ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణమే నర్సు చేతిలో మూట గుర్తొచ్చింది. ఎంత చెడ్డ కల వచ్చినా ఆ పొద్దున ఆమె దగ్గర ముడిలో పెట్టడానికి ఉప్పు ఎక్కడిది? తినే కూట్లోనే లేదు. కొంగు చివరను నాలుకకు తాకించి చూశాను. కాస్త ఉప్పగానే ఉంది. జ్వరంలో చెమటలు పట్టిన మనిషి కట్టిన చీర ఉప్పగా ఉండక ఎట్లా ఉంటుంది?

ఆ కొంగు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. ఆమె పక్కన ఉంటే ఒకటే అడిగేది, "ఇప్పినంక నీ కడుపుల ఎట్లున్నదే?" అని. మండుతోంది అక్కా. ఇంకెట్లుంటుంది? నా ప్రశ్న మళ్ళీ నా ఒళ్ళోకే వచ్చింది. నీకు అలవాటే కదా.

లేచి వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు ఉప్పు తీసుకున్నాను. ఆ ముడిలో కట్టి నల్లా కింద పెడితే, చెడ్డ కలైతే కరిగిపోతుంది. కానీ మంచి కలైతే? వాళ్ళమ్మ వాగులో కూర్చోబెట్టి కాళ్ళు కడిగినటువంటి కలే మళ్ళీ వచ్చి ఉంటే? దాన్ని కూడా నా చేతులతో మోరీలో కలిపేస్తానా? గుప్పిట్లో ఉప్పు చెమ్మగిల్లింది. పొయ్యి మీద పప్పు పొంగడం మొదలైంది.

కొంగుకు మళ్ళీ వట్టి ముడే వేసి చీర మడత పెట్టాను. గుప్పిట్లో ఉప్పంతా పప్పులో వేశాను. అందులో అంతకుముందే ఉప్పు వేశానని నాకు తెలుసు. ఆ పూట అది నోట పెట్టేటట్టు లేదు. చివరి ముద్ద దాకా తిన్నాను.